అమ్మ ఏట్లో దూకిన వేసవి

మా ఇంట్లో ఎవరైనా సాహసయాత్ర అనే మాటెత్తితే చాలు, బాబాయి శ్రీలంక కథ మొదలుపెడతాడు. ఆ కథలో హీరో ఆయనే. ఆ వెర్షన్ చుట్టాలందరికీ కంఠతా వచ్చు కాబట్టి దాన్ని అలా ఉంచి, నాకు గుర్తున్నది రాస్తున్నాను.

2004 వేసవి. నేను తొమ్మిదో తరగతి అయిపోయి పదిలోకి వచ్చాను. తమ్ముడు ఆరులోకి. అప్పట్లో మేం నల్లకుంటలో ఉండేవాళ్ళం. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లవారకముందే. అమ్మ చీకట్లోనే లేచి డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి కుక్కరు గిన్నెలు కూడా నింపి పెట్టేది. నాన్న ఎర్రమంజిల్ జలసౌధలో ఇంజనీరు. "రాష్ట్రం మొత్తానికి నీళ్ళిచ్చే ఆఫీసులో పనిచేస్తారు, మనింటికి మాత్రం ట్యాంకరు" అని అమ్మ దెప్పిపొడవని రోజుండేది కాదు.

నాన్నకి పాత చెరువుల పిచ్చి. రామప్ప, పాకాల, లక్నవరం తిప్పి చూపించకుండా ఏ చుట్టాన్నీ మా ఇంటి నుంచి వెళ్ళనిచ్చేవారు కాదు. ఆ ఏడాది ఆఫీసు లైబ్రరీలో సింహళ రాజులు తవ్వించిన చెరువుల గురించి ఏదో చదివారు. పదిహేను వందల ఏళ్ళ నాటి కాలువ, దాదాపు 87 కిలోమీటర్ల పొడవు, మొదటి పదిహేడు మైళ్ళలో మైలుకి ఆరంగుళాలే వాలు. "మైలుకి ఆరంగుళాలే! లెవెలింగ్ పరికరం లేదు, ఏమీ లేదు!" అని భోజనాల దగ్గర చెయ్యి కడుక్కోకుండా చెబుతూనే ఉండేవారు. సరిగ్గా అప్పుడే ఎర్న్‌డ్ లీవు అమ్ముకున్న డబ్బు చేతికొచ్చింది. ఆ డబ్బు మీద అమ్మ ఆశ వేరు, గాజుల మీద. బాబాయి మెడికల్ రిప్రజెంటేటివ్, అప్పటికి పెళ్ళి కాలేదు. మన రూపాయికి అక్కడ రెండు రూపాయల పైనే వస్తాయని, కొండలు, అడవులు, ఏట్లో రబ్బరు పడవలు ఉన్నాయని ఊదరగొట్టి వ్యవహారం ఖాయం చేశాడు. తన ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

నాయనమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "వెళ్ళి వెళ్ళి రావణాసురుడి ఊరికా?" అంది. ఆవిడ సంగతి పక్కన పెడితే, భయపడటానికి నిజంగానే కారణముంది. ఆ దేశంలో ఏళ్ళ తరబడి యుద్ధం. 2002లో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరాకే ఇలాంటి ప్రయాణాలకి జనం ధైర్యం చేస్తున్నారు. నాన్న మ్యాపు పరిచి, మేం వెళ్ళే దారులు గొడవలున్న ఉత్తరానికి ఎంత దూరమో స్కేలు పెట్టి కొలిచి చూపించారు. నాయనమ్మని అత్తయ్యగారింట్లో దింపి, నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

మద్రాసు నుంచి కొలంబోకి విమానం. మా నలుగురికీ అదే మొదటిసారి. బాబాయికి కాదట. బెల్టు ఎలా పెట్టుకోవాలో మాకు నేర్పిన ఆయనకే అది ఊడి రాకపోతే ఎయిర్‌హోస్టెస్ వచ్చి తీసింది.

కొలంబోలో వ్యాను డ్రైవరు కలిశాడు. దక్షిణాన సముద్రం ఒడ్డునున్న గాల్ అనే ఊరి వైపు మనిషి. నాన్నని "మహత్తయా" అని పిలిచేవాడు. అంటే సారూ అన్నట్టు. కొంచెం ఇంగ్లీషు, కొంచెం తమిళం, మిగతాది చేతులు. వారం పైన మమ్మల్ని భరించాడు పాపం. మొదటి మజిలీ ఎక్కడని అడిగితే అందరూ సముద్రమో కొండలో చెబుతారు. మా నాన్న కలా వెవ అన్నారు. వెవ అంటే చెరువు. ఫారిన్ వచ్చి మొదట చెరువు చూసిన హైదరాబాదీలు బహుశా మేమే.

కానీ ఆ కట్ట మీద నిలబడ్డాక నేను కూడా నోరు మూసుకున్నాను. నీళ్ళు ఎక్కడికక్కడ మెరుస్తూ అవతలి ఒడ్డు అడవిలో కలిసిపోతున్నాయి. దాన్ని అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించాడు. ఆయన కొడుకు కాశ్యపుడు సింహాసనం లాక్కుని తండ్రిని చెరలో పెట్టి, దాచిన సొత్తు ఎక్కడుందో చెప్పమన్నాడట. ముసలిరాజు ఈ చెరువు దగ్గరికి తీసుకెళ్ళమని, నీళ్ళలో దిగి, దోసిట పట్టి చూపించి, నా సొత్తంతా ఇదే అన్నాడట. కొడుకు ఆయన్ని గోడలో పెట్టి చంపించాడు. డ్రైవరు సగం చెబితే మిగతా సగం నాన్న పూరించారు. తర్వాత ఆయన ఇసుకలో పుల్లతో గీసి, కట్టలోపల చతురస్రంగా బావిలాంటిది కట్టి నీటి ఒత్తిడిని ఎలా తగ్గించేవాళ్ళో తమ్ముడికి పాఠం మొదలుపెట్టారు. దాన్ని బిసోకొటువ అంటారు. తమ్ముడు తొండని చూస్తున్నాడు.

అమ్మ మాత్రం రేవు వైపు చూస్తోంది. అక్కడ ఆడవాళ్ళు ఛాతీ మీదికి గుడ్డ కట్టుకుని స్నానాలు చేస్తున్నారు. పిల్లలు కట్ట రాళ్ళ మీంచి దూకుతున్నారు. అమ్మ చెప్పులు విడిచి, చీర కొంచెం పైకి పట్టుకుని మోకాళ్ళ లోతుకి దిగింది. ఎంతసేపు పిలిచినా రాలేదు. నాన్నకి పాఠం ఎంత బాగా సాగిందంటే అది గమనించలేదు.

మర్నాడు సిగిరియా. అడవి మధ్యలో దాదాపు 200 మీటర్లు నిటారుగా లేచిన బండ. తండ్రిని చంపిన ఆ కాశ్యపుడే తన సవతి తమ్ముడికి భయపడి దాని నెత్తి మీద కోట కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా పాలించాడు. పన్నెండు వందల మెట్లని గైడు చెప్పగానే బాబాయి "మన గోల్కొండలాంటిదేగా" అన్నాడు. సగం దారిలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అక్కడ కందిరీగలు పెద్ద బెడద. తుట్టెలు బండకే వేలాడుతుంటాయి, గట్టిగా మాట్లాడొద్దని బోర్డులు. అవి లేస్తే జనం దాక్కోవడానికి వలతో బోనులు కూడా పెట్టారు. తమ్ముడికి కోట అక్కర్లేదు, చిత్రాలు అక్కర్లేదు, ఆ బోనులో కూర్చోవాలి. కూర్చున్నాడు కూడా. గోడ మీది స్త్రీల బొమ్మల ముందు జనం ఆగిపోతున్నారు. నాకు ఆ వయసులో వాటి మీద అంత శ్రద్ధ లేకపోయింది. ఇప్పుడనిపిస్తుంది, ఇంకాసేపు నిలబడాల్సిందని.

పెద్ద సింహం పాదాలు చెక్కి ఉన్న చోట చివరి ఎక్కుడు మొదలవుతుంది. బండకి దిగ్గొట్టిన ఇనపమెట్లు, కింద ఖాళీ. నాన్న ఆ మెట్ల వంక చూసి, ఒక రాయి మీద రుమాలు పరిచి కూర్చుని, "మీరు వెళ్ళి రండి, నేను బ్యాగులు చూస్తుంటాను" అన్నారు. ఎత్తంటే నాన్నకి భయమని మాకెవరికీ తెలీదు. డ్యాముల మీద తిరిగే మనిషి కదా! అమ్మ బతిమాలింది, తమ్ముడు చెయ్యి పట్టి లాగాడు, లాభం లేకపోయింది. అప్పుడు బాబాయి తాపీగా అన్నాడు, "అన్నయ్యా, పైన రాతిని తొలిచి చెరువు కట్టారట."

నాన్న లేచారు. కళ్ళు దాదాపు మూసుకుని, రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, పైకి చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పైన నిజంగానే ఉంది, బండలో తొలిచిన కొలను, నీళ్ళతో. దాని చుట్టూ తిరిగి, అడుగులతో కొలిచి, వాననీళ్ళు ఏ వైపు నుంచి దిగుతాయో చూసి, మళ్ళీ మామూలు మనిషయ్యారు. దిగేటప్పుడు ఏమయిందో రాస్తే నాకు ఆస్తి రాదు.

కింద చెట్ల నీడన పాములవాళ్ళున్నారు. బుట్టలో తాచుపాము, పక్కన గొలుసు కట్టిన కోతి. ఒక ముసలావిడ పిల్లాణ్ణి కసురుతోంది. దాటి వెళ్ళబోయిన అమ్మ చటుక్కున ఆగింది. ఆవిడ తిడుతున్నది తెలుగులో. మన తెలుగు కాదు, యాసా మాటలూ వేరు, సగం అర్థమై సగం కాలేదు, కానీ తెలుగే. అమ్మ పలకరిస్తే ఆ ముసలావిడ అమ్మని పైనుంచి కిందికి చూసి ఏ ఊరని అడిగింది. అహికుంటకులని వాళ్ళని అంటారని డ్రైవరు చెప్పాడు. తరతరాలుగా పాములాడిస్తూ, చెయ్యి చూసి జోస్యం చెబుతూ ఆ దేశమంతా తిరిగే సంచారులు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. వాళ్ళ పెద్దలు ఎప్పుడు, ఎలా సముద్రం దాటి వచ్చారో ఆవిడ చెప్పింది కానీ మాకు అందలేదు. అమ్మ తన చేతి సంచిలోంచి చేగోడీల పొట్లం తీసి పిల్లాడికిచ్చింది. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని గీతలు చూసి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో అమ్మ ఇప్పటికీ బయటపెట్టదు. బాబాయి అడిగితే "నీ పెళ్ళి గురించే" అనేది.

కాండీ గురించి ఎక్కువ చెప్పను. దంతమందిరంలో జనం, సరస్సు చుట్టూ నడక, తమ్ముడికి విరేచనాలు. అక్కణ్ణుంచి రైలు మాత్రం చెప్పాలి. డ్రైవరు సామాను వేసుకుని రోడ్డు మీద వస్తానన్నాడు, మేం మూడో తరగతి పెట్టె ఎక్కాం. తలుపులు తెరిచే ఉంటాయి, జనం మెట్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంటారు. టీతోటలు కిటికీలోకి వచ్చేసేవి. పట్టిపొల అనే స్టేషను దాదాపు 1,890 మీటర్ల ఎత్తున ఉంది, మే నెలలో స్వెట్టర్లు! రొయ్యల వడలమ్మేవాడు బడిపిల్లల నోటుబుక్కు కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. నాకొచ్చిన కాగితంలో ఎవరో పిల్లాడి లెక్కలు, పక్కన టీచరు ఎర్రసిరాతో పెట్టిన ఇంటు మార్కులు. దెమొదర దగ్గర రైలు కొండ చుట్టూ తిరిగి తను ఇందాక ఆగిన స్టేషను కిందనుంచే దూరి వెళుతుంది. నాన్న, బాబాయి చెరో కిటికీకి పరుగెత్తారు, ఇద్దరూ తప్పు వైపు.

తిరుగుదారిలో కితుల్‌గల. కొలంబోకి వెళ్ళే ముందు ఆఖరి మజిలీ, బాబాయి పట్టుబట్టి పెట్టించింది. కెలని నది కొండల్లోంచి విరుచుకుపడే చోటు. ఎప్పుడు చూసినా వాన. ఒక పాత ఇంగ్లీషు యుద్ధ సినిమా కోసం అక్కడ వంతెన కట్టి పేల్చేశారు, దాని పునాదులు ఇంకా ఉన్నాయి. మొదటిరోజు ఏరు దాటి అడవిలో నడక. వాన తగ్గగానే ఆకుల కింద నుంచి జలగలు లేచాయి. సన్నగా, దారప్పోగుల్లా ఉంటాయి, ఒంటి మీదెక్కాక చిక్కుడుగింజంత అవుతాయి. గైడు అందరి కాళ్ళకీ సిద్ధాలేప అనే అక్కడి బాము రాశాడు. మగాళ్ళకి ఇవన్నీ ఎందుకని బాబాయి వద్దన్నాడు. తిరిగొచ్చి బూటు విప్పితే మేజోడు నెత్తురుతో తడిసి ఉంది. ఆయన అరుపుకి రిసార్టు వంటవాడు గరిటెతో బయటికి వచ్చాడు. పట్టుకుని లాగబోతుంటే అమ్మ చెయ్యి మీద కొట్టింది. "లాగకూడదు, పుండవుతుంది" అని, ఉప్పు తెప్పించి చిటికెడు చిటికెడు వేస్తూ ఒక్కోదాన్నీ రాల్చింది. ముఖంలో అసహ్యం లేదు, కంగారు లేదు. బొద్దింకని చూస్తే మంచమెక్కే మనిషి! "మా చేలల్లో నాట్లప్పుడు కాళ్ళ నిండా ఇవేగా" అంది.

రాత్రి ఎర్రబియ్యం అన్నం, పప్పు, కొబ్బరిపాలు పోసి వండిన కూర, పోల్ సంబోల్. సంబోల్ అంటే మన కొబ్బరిపచ్చడే, అందులో ఎండుచేప పొడి పడుతుంది. అమ్మ మూడుసార్లు వడ్డించుకుంది.

మర్నాడు రాఫ్టింగ్. అమ్మ ఒడ్డున కూర్చుంటుందని మేమే అనుకున్నాం, ఎవరూ అడగలేదు కూడా. చీరతో ఎక్కనివ్వరని గైడు అంటే, అమ్మ గదిలోకి వెళ్ళి నా పంజాబీ డ్రెస్సు వేసుకుని వచ్చింది. నాకు వదులయినది ఆవిడకి బిగుతు. పుస్తెలతాడు లోపలికి దోపి పిన్నీసు పెట్టుకుంది, ముక్కుపుడక మర ఒకసారి బిగించి చూసుకుంది, చున్నీ నడుముకి చుట్టి ముడేసింది. అదంతా ఎంత నిమ్మళంగా చేసిందంటే, అలవాటైన పనిలాగే ఉంది. నాన్న "నువ్వు కూడానా?" అన్నారు. "ఏం, డబ్బులు కట్టలేదా?" అంది.

హెల్మెట్లు, లైఫ్‌జాకెట్లు తొడిగి, తెడ్లు చేతికిచ్చి గైడు పాఠం చెప్పాడు. ఫార్వర్డ్, బ్యాక్, హోల్డ్ ఆన్. నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని క్యూసెక్కులు?" గైడుకి అర్థం కాలేదు. ఎగువన కరెంటు ప్రాజెక్టు నుంచి ఎంత వదిలితే అంత అని చెప్పాడు. నాన్నకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ప్రాజెక్టు అన్నాక ఎక్కడో ఒక ఇంజనీరు గేటు దగ్గర ఉంటాడు కదా.

అక్కడ ఒక్కో సుడికీ ఒక్కో పేరు. బటర్ క్రంచ్ అంటే తమ్ముడు చాక్లెట్ అనుకున్నాడు. ఇంకోదాని పేరు హెడ్ చాపర్. పేరు వినగానే నాన్న పడవ తాడుని ముంజేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. గైడు కసిరి విప్పించాడు. పడవ ముక్కు ఒక్కసారి కిందికి వాలి, మా నెత్తి మీదుగా నీళ్ళు దాటిపోయాయి. నాకు ఏదీ కనిపించలేదు, బాబాయి ఆంజనేయ దండకం మాత్రం వినిపించింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి బాబాయి చేతిలో తెడ్డు లేదు. ముందు వరసలో అమ్మ వంగి వంగి తెడ్డు వేస్తోంది, గైడు ఫార్వర్డ్ అనకముందే. జడ ఊడిపోయింది. ఒళ్ళంతా నవ్వుతోంది. మా ఇంట్లో అమ్మ నవ్వు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇది అది కాదు.

సుడులు దాటాక ఏరు వెడల్పయి నెమ్మదించింది. రెండు వైపులా అడవి, ఆకుపచ్చ నీళ్ళు. ఇష్టమున్నవాళ్ళు ఇక్కడ దిగి తేలుతూ రావచ్చని గైడు చెప్పాడు. ఎవరూ కదల్లేదు. అమ్మ తెడ్డు నా ఒళ్ళో పెట్టింది. "ఏవండీ, ఇది పట్టుకోండి" అని చేతిగడియారం విప్పి నాన్నకిచ్చింది. నాన్న "వద్దు, లోతెంతో..." అనే లోపల నీళ్ళ చప్పుడు.

తేలటం కాదు, ఈదింది. బారలు వేసుకుంటూ పడవని దాటి వెళ్ళి, వెల్లకిలా తిరిగి, కాళ్ళు ఆడిస్తూ మా కోసం ఆగింది. లైఫ్‌జాకెట్టు అడ్డమొస్తోందని గైడుతో తెలుగులోనే చెప్పేసింది. నాన్న గడియారం గుప్పిట్లో పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నారు. తమ్ముడు "అమ్మకి ఈతొచ్చా?" అని నన్నడిగాడు, నాకేదో తెలిసినట్టు.

అమ్మది కోనసీమ. ఇంటి వెనకే గోదావరి కాలువ. అరటిబోదె పట్టుకుని ఈత నేర్చుకుందట, మామయ్యలిద్దరికంటే ముందు అవతలి గట్టుకి వెళ్ళి వచ్చేదట. పెద్దమనిషి అయ్యాక అమ్మమ్మ కాలువకి వెళ్ళనివ్వలేదు. ఆ తర్వాత పెళ్ళి, హైదరాబాదు. సాయంత్రం జుట్టారబెట్టుకుంటూ మామూలు విషయంలా చెప్పింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?" అని నాన్న నొచ్చుకున్నారు. "మీరు అడిగారా? అయినా చెబితే ఏం చేస్తారు, నల్లకుంటలో ఎక్కడ ఈదమంటారు, సింటెక్స్ ట్యాంకులోనా?" నాన్న దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వసారాలో చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏరు హోరులో ఒక్క ముక్క వినబడలేదు, నేను చెవులు రిక్కించినా.

ఆ డిసెంబరు 26 ఆదివారం. టీవీలో సునామీ వార్తలు. గాల్ తీరమంతా తుడిచిపెట్టుకుపోయిందని, జనంతో నిండిన రైలుని కెరటం ఎత్తి పడేసిందని చూపిస్తున్నారు. నాన్న డ్రైవరు నంబరు కోసం డైరీలన్నీ తిరగేశారు. లైను దొరికితే కదా. విద్యానగర్ ఎస్టీడీ బూత్ అతను మమ్మల్ని చూడగానే తల అడ్డంగా ఊపేసేవాడు. ఒకరోజు కలిసింది. వాళ్ళ ఇల్లు రైలు పట్టాలకి బాగా లోపలగా ఉండటంతో బతికిపోయారు, బావమరిది దుకాణం పోయింది. నాన్న కొంత డబ్బు పంపారు. గాజుల సంగతి ఆ ఏడూ లేదు, అమ్మ అడగనూ లేదు.

అడిగింది మరొకటి. మునిసిపల్ ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ ఉందని పక్కింటావిడ చెబితే ఫీజు కట్టించుకుంది. నన్నూ చేర్పించింది. కోచ్ చెప్పేదానికీ అమ్మ చెప్పేదానికీ పొంతన కుదరక నేను రెండు రకాలుగా ఈదేదాన్ని. కొన్నాళ్ళకి ఆ బ్యాచ్‌లో భయపడే ఆడవాళ్ళందరూ కోచ్‌ని వదిలేసి అమ్మ చుట్టూ చేరారు. నాన్న కూడా ఆదివారాలు వేరే బ్యాచ్‌లో చేరారు. ఇప్పటికీ అయిదడుగుల గీత దాటరు.

ఈమధ్య మా పిల్లలు శ్రీలంక వెళదామంటున్నారు. అమ్మకి అరవై దగ్గర పడింది, మోకాళ్ళకి బెల్టు. వయసు పైబడినవాళ్ళని ఆ పడవలెక్కిస్తారో లేదో ముందు కనుక్కోమంది, ఎక్కించకపోతే తను రాదట. నాన్న పరాక్రమ సముద్రం అనే ఇంకో పాత చెరువుని కలిపి కొత్త జాబితా రాసేశారు, అందులో కొండలేవీ లేవు. బాబాయి ఈసారి కూడా తన ఖర్చు తనే పెట్టుకుంటానంటున్నాడు.